మగ్గం గుంతలో ఎనిమిది కళ్లు

సాలెపురుగు ముఖాన్ని మొదటిసారి చూసేనాటికి నాకు అరవై దాటి చాలా కాలమైంది. గూడు అల్లుకొని దాని మధ్యలో తలకిందులుగా వేలాడే సాలెపురుగు గురించి కాదు నేను చెప్పేది. గోడ మీద తిరుగుతూ, ఈగ కనిపిస్తే ఆగి, పిల్లిలా నక్కి, ఒక్క దుముకు దుమికేదాని గురించి. కందిగింజంత ఉంటుంది. అది లేని ఇల్లు ఉండదు. దాని ముఖం చూసిన మనిషి మాత్రం తక్కువ. నేనూ అన్నేళ్లు దాన్ని చీపురుతో ఊడ్చి వాకిట్లో పారేసినదాన్నే. ఇప్పుడు నా ఫోన్‌లో మనవళ్ల ఫోటోల కన్నా దాని ఫోటోలే ఎక్కువ. మా బిడ్డ మొత్తుకుంటుంది. మొత్తుకోనీ.

ఆ కూతురే దీనికంతటికీ కారణం. తను సిద్దిపేటలో ఒక మందుల దుకాణంలో పని చేస్తుంది. మేమిద్దరం, నేనూ మా ఆయనా, దుబ్బాకలో ఉంటాం. ఒకసారి ఆయన బీపీ గోలీ నేను మింగాను, నా షుగర్ గోలీ ఆయన మింగాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ బిడ్డ భయపడి బస్సెక్కి వచ్చేసింది. వస్తూ ఫోన్‌కు తగిలించే చిన్న అద్దం ఒకటి తెచ్చింది. బట్టలారేసే క్లిప్పు లాంటిది, దాని కొసకు చొక్కా గుండీ అంత అద్దం. ఫోన్ కెమెరా మీద దాన్ని పెట్టి చూస్తే గోలీల పట్టీ మీద ఉన్న సన్న అక్షరాలు గోడ మీద రాసినట్టు పెద్దగా కనిపిస్తాయి.

"అవ్వా, గోలీ ఏసుకునే ముందుగాల గీ అద్దం వెట్టి పేరు సదువు. అందాజగ మింగకు," అంది.

"నేను సదువుతగని, మీ బాపుకు జెప్పు. అందాజగ మింగేది గాయన."

"బాపుకు జెప్పుడు నీ పని. నా మాట ఆయన ఇన్నదెప్పుడు?"

అలా అని నాలుక కరుచుకుంది. వాళ్ల బాపుకు, అంటే మా ఆయనకు, చెవులు వినపడవు.

చిన్న వయసులోనే ఆయన బొంబాయి దగ్గరి భివండి పోయాడు. అక్కడ కరెంటు మగ్గాల మధ్య ఏళ్లకు ఏళ్లు నిలబడి పని చేశాడు. ఆ మోతలో పక్కనున్న మనిషి చెవిలో అరిచినా వినపడదట. తిరిగొచ్చి ఇంట్లో, కాళ్లు ఆడించడానికి గుంత తవ్వి పెట్టుకున్న గుంతమగ్గం మీద తువ్వాళ్లు నేసుకుంటూ బతికాం గానీ, చెవులు మాత్రం ఏడాదికి ఇంత చొప్పున పోతూనే వచ్చాయి. చెవి మిషన్ పెట్టించాం. అందులోనూ భివండి మోతే వస్తుందని తీసి గూట్లో పడేశాడు. ఇక నేను అరవడం మొదలుపెట్టాను. కూరలో ఉప్పు సరిపోయిందా అని ఆయనను అడిగితే, నాలుగిళ్ల అవతలి నుంచి జవాబు వచ్చేది. మా ఇంట్లో గుట్టు అనేదే లేకుండా పోయింది.

ఒకరోజు ఆయన బజారు నుంచి పిల్లలు రాసుకునే పలక, బలపాలు కొనుక్కొచ్చాడు. ఆయన ఐదో తరగతి దాకా చదివాడు. నాకు అక్షరం ముక్క రాదు. నన్ను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. యాభై దాటిన ఆడదాని చెయ్యి పట్టుకొని 'అ' రాయించడానికి ఎంత ఓపిక కావాలో దిద్దించినవాడికే తెలుస్తుంది. ఒక్క చిక్కు మాత్రం ఉండేది. నేను పైకి చదివితే ఆయనకు వినపడదు. తప్పు చదివినా, ఒప్పు చదివినా తల ఊపేవాడు. ఏడాది దాకా నేను 'ఘ'ను 'మ' అనే చదివాను. చివరికి బిడ్డ పట్టుకొని సరిచేసింది. అయినా రాయడం వచ్చింది. ఆయనతో మాట్లాడటం కోసమే నేను రాయడం నేర్చుకున్నాను. నేను పలక మీద రాస్తే, ఆయన నోటితో జవాబు చెప్పేవాడు. ఆ ఏళ్లు బాగా గడిచాయి. ఇది చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఆ నోరు కూడా ఆగిపోయింది, అదే అసలు సంగతి. చెవులు పూర్తిగా పోయిన మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియదు. చుట్టాల ఇంట్లో పెళ్లి. తాళి కట్టే సమయానికి బాజాలు ఒక్కసారి ఆగాయి. సరిగ్గా అప్పుడే ఆయన నా వైపు తిరిగి, "బోజనాలు ఎప్పుడు వెడుతరే?" అని అడిగాడు. తనకు గుసగుసే. పందిరంతా ఘొల్లుమంది. పెళ్లికొడుకు కూడా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నారో అర్థం కావడానికి ఆయనకు కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక భోజనం చేయకుండానే బస్‌స్టాండుకు నడిచాడు.

ఆ తర్వాత మాట తగ్గింది. మొదట అవును, కాదు అనేవాడు. తర్వాత చెయ్యి ఊపేవాడు. తర్వాత నేను పలక పట్టుకొని ఎదురుగా నిలబడితే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. మగ్గం మీద సగం నేసిన తువ్వాల అలాగే ఉండిపోయింది, దాని మీద దుమ్ము పేరుకుంది. ఒకరోజు తనే పలక తీసుకొని, 'మగ్గం పీకేయాలి. వడ్లాయనకు చెప్పు' అని రాసిచ్చాడు.

నేను వడ్రంగికి చెప్పలేదు. నా మనసులో ఒక్కటే భయం. ఈ మనిషిని ఇంకా ఈ ఇంటికి కట్టి ఉంచింది మగ్గం ఒక్కటే, అది పోతే ఇక మంచం దిగడు, మంచం దిగనివాడు ఎక్కువ రోజులు ఉండడు. అందుకే వడ్రంగి ఊళ్లో లేడని ఒకసారి, కాలు బెణికిందని ఒకసారి రాసి చూపించాను. ఆ వడ్రంగి రోజూ మా వాకిటి ముందు నుంచే సైకిల్ మీద పోతున్నాడు. ఒకరోజు ఆయన కిటికీలోంచి చూసి, లేచి వెళ్లి సైకిల్ ఆపి, చేతులతో సైగ చేసి చెప్పేశాడు. బుధవారం వస్తానన్నాడు వడ్రంగి.

ఆ వారంలోనే జరిగింది ఇదంతా. పొద్దున గోలీల పట్టీ తీసి ఫోన్ అద్దంలో పేరు చదువుతున్నాను. పట్టీ మీద నల్లగా ఏదో కదిలింది. అద్దంలో ఒక ముఖం కనిపించింది. ముందు వరుసలో నాలుగు కళ్లు. నడుమ ఉన్న రెండూ గాజుబుడ్డీల్లా పెద్దవి, నల్లగా నిగనిగలాడుతున్నాయి. వాటి చుట్టూ వెంట్రుకలు, ముసలోళ్ల కనుబొమ్మల్లా తెల్లగా. నోటి ముందు రెండు పొట్టి చేతులు పైకీ కిందికీ ఆడిస్తోంది. మిగతా నాలుగు కళ్లు తలకు పక్కన, వెనక ఉంటాయని తర్వాత చూశాను. నేను ఫోన్ కొంచెం జరిపితే అది తల తిప్పి మళ్లీ నా వైపే చూసింది. పురుగు తల తిప్పి మనిషిని చూస్తుందని నాకప్పటిదాకా తెలియదు. ఆ ఇంట్లో నా ముఖం వైపు ఎవరైనా తిరిగి చూసి చాలా రోజులైంది. ఉన్నమాట రాస్తున్నాను, నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి.

అది ఎగిరి మగ్గం మీదికి దుమికింది. నేను వెంటపడ్డాను.

ఫోటో తీయడం అంత సులువేం కాదు. ఆ అద్దంతో అయితే పురుగుకు రెండు వేళ్ల దూరంలోకి పోవాలి. అక్కడ మన ఊపిరి తగిలినా అది పారిపోతుంది, మన నీడ పడినా పారిపోతుంది. చెయ్యి వెంట్రుకవాసి కదిలితే మొత్తం మసకే. కళ్లు స్పష్టంగా వస్తే కాళ్లు రావు, కాళ్లు వస్తే కళ్లు రావు. కళ్లే కావాలి. కళ్లు లేని ఫోటో ఎందుకూ పనికిరాదు. నా చేతులకు వణుకుంది. ఒకటి తర్వాత ఒకటి తీస్తూ పోయాను, అన్నీ బూడిద ముద్దలే వచ్చాయి.

పక్కింటామె గోడ మీంచి తొంగిచూసింది. నన్ను వదినె అని పిలుస్తుంది, నోరు ఊరుకోదు.

"ఏం వదినె, పురుగులకు ఆధార్ ఫోటోలు దిగుతున్నవా?"

"ఔ. దీనిదైనంక నీది దిగుత. ఇదన్న ఒక్క జాగల కూసుంటది, నువ్వు కూసోవు."

"సాలోళ్ల ఇంట్ల సాలెపురుగుకు గింత ఇజ్జతా!"

"అది తన దారం తానే తీసుకుంటది, నీ లెక్క పక్కింటికి వచ్చి అడుగది."

ఆమె నవ్వి పోయింది. నేను ఫోన్ తీసుకెళ్లి మంచం మీదున్న ఆయన ముందు పెట్టాను. తోసేశాడు. మళ్లీ పెట్టి, పలక మీద 'కళ్లు చూడు' అని రాశాను. చూశాడు. కాసేపు చూశాడు. తర్వాత నా చేతిలోంచి బలపం లాక్కొని ఒక్క మాట రాశాడు: 'మసక'.

నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఇరవై మంది వచ్చి పొగిడినా పలకని మనిషి, పని తప్పుగా కనిపిస్తే మాత్రం ఊరుకోలేడు. నేసేవాడి బుద్ధే అంత. ఇక ఆ మందు నాకు దొరికింది. మరునాడు కావాలనే ఇంకా మసకవి తీసి చూపించాను. తలకాయ కొట్టుకున్నాడు. ఆ తర్వాతి పొద్దున కాలు లేని పురుగు, తల లేని పురుగు చూపించాను. మంచం మీద కూర్చున్నాడు. ఫోన్ గుంజుకున్నాడు. లేచి మగ్గం దగ్గరికి నడిచాడు.

అప్పుడు పురుగు, నేసిన బట్ట చుట్టుకునే కర్ర మీద, అంచున కూర్చొని ఉంది. ఆయన మోచేతులు రెండూ కర్రకు ఆనించి, గడ్డం ఆనించి, ఊపిరి బిగబట్టి ఫోన్ పట్టాడు. చేతులు రాయిలా నిలబడ్డాయి. మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే నాడె విసిరిన చేతులవి, ముసలితనం వాటి దాకా ఇంకా రాలేదు. నేను వెనక నిలబడి చూస్తున్నాను. పురుగు తల ఎత్తింది. ఎదురుగా అద్దంలో ఏం కనిపించిందో, ఈగే అనుకుందో ఏమో, ఒక్కసారి దుమికింది. దుమికేముందు అది తన దారాన్ని కూర్చున్న చోట అతికించుకుంటుంది, దుముకు గురి తప్పితే ఆ దారం పట్టుకొని మళ్లీ పైకి వస్తుంది. గురి తప్పింది. కర్రకు కిందుగా, గుంత మీద, సన్నటి దారానికి వేలాడుతూ ఊగుతోంది.

మా నేసేవాళ్ల చేతులకు ఒక రోగం ఉంది. ఎక్కడైనా కర్ర మీదనో బట్ట మీదనో పోగు ఒకటి వేలాడుతూ కనిపిస్తే, మనసు చెప్పకముందే చెయ్యి పోతుంది. రెండు వేళ్లతో పట్టి, మెలిపెట్టి, తెంపేస్తుంది. బస్సులో ముందు సీట్లో కూర్చున్నవాడి కాలర్ మీది పోగు కూడా తెంపి తిట్లు తిన్న మనిషి ఈయన. ఆయన కంటికి కర్ర నుంచి వేలాడుతున్న పోగు కనిపించింది. కింద ఉన్న పురుగు కనిపించలేదు. వేళ్లు పోయాయి. తెంపేశాయి.

పురుగు గుంతలో పడింది.

"అయ్యయ్యో!" అన్నాడు ఆయన. అనడం కాదు, వాడంతా వినపడేలా అరిచాడు. నెలల తర్వాత ఆయన నోటినుంచి వచ్చిన మాట అది.

పక్కింటామె ఉరికొచ్చింది. "ఏమైంది వదినె? అన్న వడ్డడా?"

"అన్న వడలే. పురుగు వడ్డది."

"పురుగు వడితె గంతగనం ఒర్రుతరా! నా పానం వోయింది గద!"

మేం మాట్లాడుతుండగానే ఆయన మగ్గం ముందున్న పీట మీద కూర్చొని, ఒక్కొక్క కాలు గుంతలోకి దించాడు. మోకాళ్లు పటపటమన్నాయి. మగ్గం ఆగినప్పటి నుంచి ఆ గుంతలో కాలు పెట్టలేదు. నడుము దాకా అందులోకి జారి, వంగి, చీకట్లో వెతకడం మొదలుపెట్టాడు.

"ఏమే, ఎలుగు లేదిక్కడ! ఎలుగు తే!"

నేను ఫోన్ లైట్ చూపించాను. వద్దని చెయ్యి ఊపాడు, ఆ తెల్లటి వెలుగుకు పురుగు బెదురుతుందన్నాడు. ఇల్లంతా చూసి, స్టీలు పళ్లెం తెచ్చి, కిటికీలోంచి పడుతున్న ఎండకు అడ్డం పట్టాను. ఎండ విరిగి గుంతలోకి దిగింది.

"ఇటు. ఇంక ఇటు. అరే, నా మొకం మీద కాదే, గా మూలకు! కొంచెం కిందికి. ఆఁ... గట్లనే వట్టు. ఊపకు. నీ చేతులకు ఏం రోగమొచ్చింది?"

తిట్లు పడుతుంటే నేను పళ్లెం పట్టుకొని నవ్వుతున్నాను. పక్కింటామె నా ముఖం చూసి తనూ నవ్వడం మొదలుపెట్టింది. కాళ్లతో తొక్కే కర్ర మీద కూర్చొని ఉంది పురుగు. దెబ్బేమీ తగలలేదు. తల ఎత్తి పైకి చూస్తోంది. ఆయన ఫోన్ కిందికి దించి, ఊపిరి ఆపి, నొక్కాడు.

తర్వాత పలక కావాలన్నట్టు చెయ్యి చాపాడు. ఇచ్చాను. ఇవ్వగానే అక్కర్లేదని తిరిగి ఇచ్చి, నోటితోనే అడిగాడు.

"దాని దారం నేనే తెంపిన గద?"

'తెంపినవ్' అని రాసి గుంతలోకి దించాను.

"ముడేద్దామంటె దొరుకది గద అది."

'దాని కడుపులోనే ఉంది దారం. మళ్లా తీసుకుంటది' అని రాశాను.

"మంచిగున్నది దీని పని," అన్నాడు. "కండె సుట్టే ఆడది అక్కర్లేదు."

ఆ మాట నన్ను ఉద్దేశించే. ఆయన నేసినన్నాళ్లు నాడెలో పెట్టే కండెలకు దారం చుట్టింది నేను. పళ్లెంతో నెత్తి మీద ఒకటి వేద్దామనుకున్నాను, కానీ వెలుగు కదులుతుందని ఊరుకున్నాను.

ఫోటో మేమిద్దరం అక్కడే చూశాం, ఆయన గుంతలో, నేను గట్టు మీద. నాలుగు కళ్లూ పెసరగింజల్లా తేటగా వచ్చాయి. పెద్ద కళ్లు రెండింటిలో నా పళ్లెం రెండు చుక్కలుగా మెరుస్తోంది. నోటి ముందరి వెంట్రుకలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు.

అంతా బాగానే ఉంది గానీ, ఆయన బయటికి రాలేకపోయాడు. దిగడం వచ్చింది, ఎక్కడం రాలేదు. మోకాళ్లు లేవనంటున్నాయి. నేను ఒక రెక్క, పక్కింటామె ఒక రెక్క పట్టుకొని గుంజాం.

"మెల్లగ గుంజున్రి! మనిషినే నేను, వడ్ల బస్తనా?"

"వడ్ల బస్త అయితే నోరు మూసుకుంటది," అంది పక్కింటామె. ఆయనకు వినపడదని తెలిసి అంది. ఆమె పెదాలు చూసి, ఏదో అందని తెలిసి, "ఏమన్నది ఇది?" అని నన్ను అడిగాడు. నేను రాయలేదు.

ఆయన్ను గట్టు మీద కూర్చోబెట్టి, నేనూ పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఆయాసపడుతూ ఆ గుంత వైపు చూశాం. ఇక ఆ కాళ్లతో మగ్గం నడవదని ఆయనకు ముందే తెలుసు. నాకే తెలియలేదు. తెలుసుకోవడం ఇష్టం లేకపోయింది. ఆయన దేనికోసం మగ్గం తీయించమన్నాడో అప్పుడు అర్థమైంది. ఎదురుగా అది కనిపిస్తుంటే, చేయలేని పని రోజూ ముఖం మీద కొట్టినట్టుండేది ఆయనకు. నేను మందు అనుకొని పుండునే కాపాడుతున్నాను.

బుధవారం వడ్రంగి వచ్చాడు. నేను అడ్డం చెప్పలేదు. గుంతలోకి దిగింది ఒక్కరోజు ముచ్చటేమో, మగ్గం పోయిన జాగా చూసి మళ్లీ గోడ వైపు తిరుగుతాడేమో అనే భయం మాత్రం అలాగే ఉంది. ఆయన సగం నేసిన తువ్వాలను తనే కోసి, మడిచి, భుజం మీద వేసుకున్నాడు. వడ్రంగి సుత్తి ఎత్తాడు.

"ఆగు, ఆగు. గా కర్ర ముట్టకు. గాడ మా దాని ఇల్లున్నది."

వడ్రంగి నా వైపు చూశాడు. "ఎవల ఇల్లు మామా?"

ఆయనకు ఆ ప్రశ్న వినపడలేదు, అయినా జవాబు చెప్పాడు. కర్ర మూలన తెల్లటి చిన్న పట్టుసంచి లాంటిది చూపించాడు. పురుగు అందులో పడుకుంటుంది. ఫోన్ తీసి ఫోటో చూపించాడు. వడ్రంగి చాలాసేపు చూసి, నాలుగు వేళ్లు ఎత్తి, "నాలుగు కండ్లా దీనికి!" అన్నాడు. ఆయన ఎనిమిది వేళ్లు చూపించాడు. ఆ కర్ర ఒక్కటి కోసి కిటికీ పక్కన నిలబెట్టించుకొని, మిగతా మగ్గమంతా పీకించి, గుంత పూడ్పించాడు. పొద్దంతా ఆ వడ్రంగికి పని చెబుతూనే ఉన్నాడు. ఆ మనిషికి పోయేటప్పుడు తలనొప్పి పట్టిందట.

సాయంత్రానికి ఆ గది మైదానంలా ఉంది. నేను ఊడ్చి, నీళ్లు చల్లి, ఆయన వైపు చూడకుండా ఆయననే చూస్తున్నాను. మంచం మీద కూర్చున్నాడు. పడుకోలేదు. కానీ మాట్లాడటం లేదు. అప్పుడే బిడ్డ ఫోన్ చేసింది. దానికీ అదే భయం.

"అవ్వా, తీసిన్రా? బాపు ఎట్లున్నడు?"

"తీసిన్రు. కూసున్నడు."

"ఏమన్న అన్నడా?"

నేను జవాబు చెప్పేలోపే ఆయన చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు. చెవులు పోయాక ఆయన మాట్లాడటానికి ఫోన్ పట్టుకోవడం అదే మొదటిసారి. తలకిందులుగా పట్టుకున్నాడు. నేను సరిగ్గా తిప్పి పెట్టాను.

"బిడ్డా," అన్నాడు. గోడలు అదిరాయి. "నువ్వు జెప్పేది నాకు ఇనరాదు. నేను జెప్పేది ఇను. మీ అవ్వ తీసిన ఫోటోలు సూసినవా? అన్ని మసక. నేనొకటి తీసిన, అది వంపిస్త. దాని మొకం సూడు. మనిషి లెక్క సూస్తది. నేను తెలువక దాని దారం తెంపిన బిడ్డా, గుంతల వడ్డది, నేను గూడ గుంతలకు దిగిన, మీ అవ్వ, పక్కింటిది, ఇద్దరు గల్సి నన్ను బర్రెను గుంజినట్టు గుంజిన్రు..."

చెబుతూ పోయాడు. నెలల తరబడి లోపల ఉన్నదంతా, మగ్గం సంగతి, మోకాళ్ల సంగతి, వడ్రంగి పని సరిగ్గా చేయని సంగతి. నేను పొయ్యి మీది కూర మాడుతున్నా అక్కడే నిలబడ్డాను. దేవుడికి దండం పెట్టుకునే అలవాటు నాకు తక్కువ. ఆ సాయంత్రం పెట్టుకున్నాను. గుండీ అంత అద్దం తెచ్చిన బిడ్డకు పెట్టుకున్నాను, పరుగెత్తుకొచ్చిన పక్కింటామెకు పెట్టుకున్నాను, ఎవరి చేతిలోనో తన దారం తెగినా ఏమీ అనుకోకుండా తల ఎత్తి చూసిన ఆ కందిగింజంత పురుగుకు కూడా పెట్టుకున్నాను.

మధ్యలో ఆయన ఆగాడు. ఫోన్ చెవి నుంచి తీసి నాకు చూపించాడు.

"ఉన్నదా బిడ్డ? పెట్టేసిందా?"

నేను చెవి దగ్గర పెట్టుకొని విన్నాను. అవతల మాట లేదు. ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు మాత్రం వస్తోంది. ఉందని తల ఊపాను.

"ఉంటె ఇంకోటి జెప్త," అని ఆయన మళ్లీ ఫోన్ అందుకున్నాడు.